సైట్లోనే గుచ్చుకుంది

మా తమ్ముడు తారిఖ్ కాలు తీసేస్తారని నా భయం. ఆ ఎండాకాలం నాకున్న భయాలన్నిటిలోకీ పెద్దది అదే.

చిన్నవి లెక్కలేనన్ని ఉండేవి. నేను పుట్టు భయస్తురాలిని. దుబాయ్ కరామాలో మేముండే బిల్డింగు లిఫ్టు మధ్యలో ఆగిపోతుందని భయం. మూడేళ్ళ మా పాప ఫైజా బాల్కనీ కమ్మీల్లో తల ఇరికించుకుంటుందని భయం. గ్యాసు కట్టేసి, లేచి వెళ్ళి చూసి, చూశానా లేదా అని మళ్ళీ వెళ్ళి చూస్తాను. "నీ భయాలకు వేరే బెడ్‌స్పేస్ తీసుకోవల్లబ్బా, ఈ రూంలో పట్టేటట్టు లేవు" అని మా ఆయన సనావుల్లా నవ్వేవాడు. నిజానికి ఆ రూంలో మేమే సరిగా పట్టేవాళ్ళం కాదు. ఒక ఫ్లాటులో మూడు కుటుంబాలు. హాలుకు అడ్డంగా చెక్క గోడ కొట్టి విడదీసిన ముక్క మాది.

మా ఆయన బిల్డింగులు కట్టే ఒక కంపెనీలో పికప్ డ్రైవరు. తారిఖ్ అదే కంపెనీలో షట్టరింగ్ పని చేస్తూ సోనాపూర్ కూలీల క్యాంపులో ఉండేవాడు. ఇద్దరికీ ఆ పని ఇప్పించింది ఇమామ్ హుస్సేన్ మామ. తారిఖ్ పనిచేసే సైటుకు ఆయనే ఫోర్మన్. మాది రాయచోటి, ఆయనది పక్క ఊరు. చుట్టరికం లేకపోయినా మామా అనే పిలిచేవాళ్ళం. ఆయన మాటకు ఎదురు చెప్పడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

కరోనా గొడవ సద్దుమణిగాక రెండో ఎండాకాలం అది. ఒక ఆదివారం మధ్యాహ్నం తారిఖ్ ఎప్పటిలాగే మా ఇంటికి అన్నానికి వచ్చాడు. గడప దగ్గర చెప్పులు విడిచి, ఒక కాలికి సాక్సు అలాగే ఉంచుకుని లోపలికి నడిచాడు. ఆ కాలి మడమ మీదే నడుస్తున్నాడు.

"ఏందిరా, ఒక కాలికే సాక్సు?" అన్నాను.

"ఏసీకి చలేస్తాందిలే."

"ఒక కాలికేనా చలి?"

"అక్కా, బువ్వ పెడతావా, కేసు రాసుకుంటావా?"

మా ఆయన నవ్వాడు. నేనూ నవ్వి కంచం పెట్టాను. వాడు నాలుగు ముద్దలు తిన్నాడో లేదో, ఫైజా పరిగెత్తుకుంటూ వచ్చి మామయ్య ఒళ్ళోకి దూకబోయి ఆ కాలు తొక్కింది. తారిఖ్ అరవలేదు. నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది, కళ్ళు తేలేశాడు. నుదుటి మీద చెమట పట్టింది.

కంచం పక్కకు నెట్టి వాడి సాక్సు నేనే లాగేశాను. అరికాలి మధ్యలో మిరియపు గింజంత నల్లటి చుక్క. దాని నిండా పసుపు మెత్తారు. పసుపు చుట్టూ ఎర్రగా, బిగుసుకుపోయి, ముట్టుకుంటే పెనంలా ఉంది.

అప్పుడు చెప్పాడు. ఆలస్యంగా చెప్పాడు గానీ అంతా చెప్పాడు. ఎండాకాలం మూడు నెలలు ఇక్కడ మిట్టమధ్యాహ్నం బయట పని చేయించకూడదని సర్కారు ఉత్తర్వు. పన్నెండున్నర అయ్యేసరికి స్లాబు మీద ఒక్క మనిషి కనబడకూడదు, కనబడితే కంపెనీకి జరిమానా. మామూలప్పుడైతే స్లాబు కింద చెక్కలు ఊడదీస్తూ, ఊడదీసిన ప్రతి చెక్కకూ పైకి లేచిన మేకుల్ని సుత్తితో వంచి పక్కన పెడతారు. మధ్యాహ్నం గంట దగ్గరపడిందంటే వంచే తీరికుండదు. అందరూ చెక్కల్ని ఉన్నవున్నట్టు విసిరేసి దిగిపోతారు. మూడు రోజుల ముందు తారిఖ్ అలా దిగుతూ ఒక చెక్క మీద అడుగేశాడు. కంపెనీ ఇచ్చిన బూట్ల అడుగు అరిగి విడిపోతే, కొత్తవి అడిగినా రాలేదని, సంతలో కొన్న స్పోర్ట్స్ బూట్లేసుకుని వెళ్తున్నాడు కొన్నాళ్ళుగా. మేకు ఆ బూటు అడుగులోంచి కాల్లోకి దిగింది. జగిత్యాల వైపు మనిషి పర్శరాములు వాడి రూంమేటు. ఆయనే వాడి కాలు రెండు మోకాళ్ళ మధ్య పట్టుకుని మేకు గుంజేశాడు. క్యాంపుకు వెళ్ళాక నూనె కాచి, పసుపు కలిపి, వేడివేడిగా అద్దాడు. మనవాళ్ళు ఎక్కడైనా చేసేది అదే. గాయం నోరు చక్కగా మూసుకుపోయింది.

"ఇమామ్ హుస్సేన్ మామకు తెలుసునా?" అని అడిగాను.

"తెలుసు. రెండు దినాలు గమ్మున పండుకోమన్నాడు. ఎవరన్నా అడిగితే రూంలో గుచ్చుకునిందని చెప్పమన్నాడు."

"సైట్లో గుచ్చుకున్నదాన్ని రూంలో అని ఏమిటికి చెప్పల్ల?"

తమ్ముడూ, మా ఆయనా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వీసాతో పాటే నేర్చుకునే పాఠం నాకింకా రాలేదని వాళ్ళకప్పుడు తెలిసింది. వేలు నలిగినా, నడుం పట్టినా, కాల్లో మేకు దిగినా, అన్నీ రూంలోనే జరగాలి. సైట్లో అన్నామంటే ఆసుపత్రి వాళ్ళు పోలీసుకు చెప్తారు. ముదీర్, అంటే మేనేజరు, విచారణ పెడతాడు. ప్రమాదం లేకుండా ఎన్నాళ్ళు గడిచాయో రాసే బోర్డు సైటు గేటు దగ్గర ఉంటుంది, అది మళ్ళీ సున్నాకొస్తుంది. ఆ తర్వాత దెబ్బ తగిలిన మనిషిని తిట్టరు, కొట్టరు. కాంట్రాక్టు అయ్యేవరకు ఆగి ఇంటికి పంపిస్తారు.

"అందరూ అట్లనే చెప్తారు సనోబర్" అన్నాడు మా ఆయన. "దాంట్లో ఏముండాది? మందు మందే కదా, యాడ గుచ్చుకుంటే ఏం?"

నాకూ సరేననిపించింది. నేను తొమ్మిదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. మందు మందే అనుకున్నాను.

సాయంత్రం మా వీధిలోని క్లినిక్‌కు వెళ్ళాం. డాక్టరు ఓపికగానే చూశాడు. ఎక్కడ, ఎలా అని హిందీలో అడిగాడు. నీళ్ళ క్యాన్లు పెట్టే చెక్కపెట్టె మేకు, రూంలో, అన్నాడు తారిఖ్.

"చెప్పులున్నాయా కాళ్ళకి?"

"లేవు. ఉత్త కాళ్ళే."

డాక్టరు తలూపాడు. ఉత్త కాలైతే మంచిదే, లోపల ఏమీ చిక్కుకుని ఉండదు అన్నాడు. ధనుర్వాతం రాకుండా సూది వేసి, మాత్రలు రాసి, తగ్గకపోతే రమ్మన్నాడు. వాడు చెప్పిందానికి ఆయన సరైన వైద్యమే చేశాడు.

ఆ తర్వాత రోజూ ఫోన్ చేశాను. "ఎట్లుండాదిరా?" అంటే "తగ్గింది" అనేవాడు. తగ్గినవాడి గొంతు కాదది. "వీడియో పెట్టు, చూస్తా" అంటే "డేటా లేదు" అనేవాడు. డేటా లేకుండా నెట్ ఫోన్లో ఎలా మాట్లాడుతున్నావురా అంటే కట్ చేసేవాడు. గురువారం అసలు ఎత్తలేదు. ఒకసారి, పదిసార్లు, ఇంక ఎన్నిసార్లో. మా ఆయన ఫుజైరాకు లోడు తీసుకుని వెళ్ళాడు. ఇమామ్ హుస్సేన్ మామకు ఫోన్ చేశాను.

"పండుకోని ఉంటాడులే బిడ్డీ. హాజరీలో జొరమని రాసినాలే, రూంలోనే ఉండాడు. నువ్వు పాపను చూసుకో, ఇవన్నీ మొగోళ్ళ విషయాలు."

"పొద్దుట్నించి ఫోన్ ఎత్తలేదు మామా."

"నిద్రపోయేవాడు ఫోన్ ఎట్ల ఎత్తుతాడు? నీకు అనుమానం జాస్తి."

ఫోన్ పెట్టి, ఫైజాకు చెప్పులు తొడిగాను.

అంతవరకు దుబాయ్‌లో నేను ఒంటరిగా వెళ్ళింది మా వీధి చివర కూరగాయల కొట్టు దాకానే. మెట్రో ఎక్కాలంటే మా ఆయన చేయి పట్టుకునే ఎక్కేదాన్ని. ఆ రోజు పాపను తోపుడు బండిలో పెట్టి, దాని తల మీద తడిగుడ్డ వేసి, మెట్రో ఎక్కి, దిగి, అడిగి బస్సెక్కి, సోనాపూర్‌లో దిగాను. భయపడుతూనే నడిచాను. ఎండ పొయ్యి నోట్లోంచి వచ్చే సెగలా ఉంది. రోడ్డుకు రెండు వైపులా ఒకే రంగు బిల్డింగులు, వరండాల కమ్మీల మీద వందలకొద్దీ నీలం చొక్కాలు. ఆడమనిషి అనేది కనుచూపు మేరలో లేదు.

క్యాంపు గేటు దగ్గర నేపాలీ వాచ్‌మన్ లేచి అడ్డం వచ్చాడు. "బెహన్, లేడీస్‌కు ఎంట్రీ లేదు."

"నాకు ఎంట్రీ వద్దు భాయ్. నా తమ్ముణ్ణి బయటికి పంపించు" అన్నాను నాకొచ్చిన హిందీలో. రూం నంబరు చెప్పాను.

"నేను గేటు విడిచి పోకూడదు. క్యాంప్ బాస్ వచ్చాక అడుగు."

"ఎప్పుడొస్తాడు?"

ఆకాశం వైపు చేయి చూపించాడు. అల్లాకే తెలియాలన్నట్టు.

నేను గేటు పక్కనే నిలబడి తల పైకెత్తి అరిచాను. "తారిఖ్! ఒరేయ్ తారిఖూ!" మా ఊళ్ళో మేకల్ని పిలిచినప్పుడు కూడా అంత గట్టిగా అరిచి ఉండను. రాత్రి డ్యూటీవాళ్ళు నలుగురైదుగురు వరండాల్లోకి వచ్చి తొంగిచూశారు. ఎవడో తెలుగువాడే, "ఎవని పెండ్లామో పట్టుకుపోనీకి వచ్చిందిరోయ్, దాక్కోండి!" అన్నాడు. నవ్వులు.

"పెండ్లాం కాదు, అక్కను!" అని అరిచాను. "నవ్వినోడు ఎవడో దిగొచ్చి నా తమ్ముణ్ణి ఎత్తుకొని రారాదా?"

నవ్వులు ఆగిపోయాయి. ఎవరూ దిగలేదు. లోపలికి వెళ్ళిపోయారు. వాచ్‌మన్ మాత్రం తన ఫ్యాను మా వైపు తిప్పి, ఫైజాకు చల్లటి నీళ్ళ సీసా ఇచ్చాడు. "పోలీసును పిలవమంటావా, ఇంటికి పోతావా?" అని మెల్లగా అడిగాడు. పిలువు అన్నాను. అతనేమీ పిలవలేదు, నేనూ కదల్లేదు.

పొద్దు వాలాక డ్యూటీ బస్సులు వచ్చాయి. దుమ్ము కొట్టుకుపోయిన మనుషులు టిఫిను డబ్బాలు పట్టుకుని దిగుతున్నారు. మూడో బస్సులోంచి దిగిన ఒక నల్లటి, బక్కపల్చటి పెద్దమనిషి నన్ను దాటిపోయి, మళ్ళీ వెనక్కొచ్చాడు.

"నువ్వు తారిఖ్ అక్కవు గదా? ఫోన్ల నీ ఫొటో జూసిన. గీడ గూసున్నవేంది చెల్లె, పిల్లను పట్టుకోని?"

"వాడు ఫోన్ ఎత్తడం లేదన్నా. నువ్వు పర్శరాములువా?"

"నేనే. పొద్దుగాల డ్యూటీకి పోయెటప్పుడు లేపితె మూలిగిండు. పెయ్యి కాలిపోతాంది. ఫోర్మన్‌కు జెప్పిన. గోలీలు ఏసుకుంటున్నడు గదా, తక్కువైతది అన్నడు." టిఫిను డబ్బా నా చేతిలో పెట్టాడు. "ఉండు. తీస్కస్త."

వాచ్‌మన్ ఏదో అనబోతే, "నువ్వు సప్పుడు జేయకు తమ్మీ, నీ నౌకరి నువ్వు జేసినవ్" అంటూ లోపలికి వెళ్ళిపోయాడు. కాసేపటికి తారిఖ్‌ను వీపున వేసుకుని దిగాడు. వాడి కాలు చీలమండ దాకా ఉబ్బి, చర్మం మెరుస్తోంది. నేను దగ్గరికి వెళ్ళేలోపే వాసన తగిలింది. తీపి కలిసిన ముక్కిన వాసన. ఇప్పటికీ కొన్నిసార్లు వంటింట్లో నిలబడి ఉండగా గుర్తొస్తుంది.

"అక్కా, నువ్వెందుకు వచ్చినావు?" అన్నాడు తారిఖ్. "మామ తిడతాడు."

"తిట్టనీ."

"గుమ్మడికాయంత బరువున్నడనుకున్న, ఏం లేదు, పల్లికాయ లెక్కున్నడు" అన్నాడు పర్శరాములు, వాణ్ణి టాక్సీలో కూర్చోబెడుతూ. నవ్వించాలని చూశాడు పాపం. తనూ ఎక్కబోతే నేనే వద్దన్నాను. తెల్లవారకముందే మళ్ళీ బస్సెక్కాల్సిన మనిషి.

టాక్సీలోంచి మా ఆయనకు చెప్పాను. సర్కారు ఆసుపత్రి ఎమర్జెన్సీ ముందు మేం దిగేసరికి ఆయన పికప్ అక్కడే ఉంది. ఫుజైరా నుంచి ఎలా తోలుకొచ్చాడో నాకు తెలియదు. తారిఖ్‌ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టాడు. ఫైజాను ఎత్తుకున్నాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచాడు.

"మామ ఫోన్ చేసినాడు. ఎవరో చెప్పినారంట నువ్వు క్యాంపుకు పోయినట్టు. ఇప్పటికీ రూంలో అనే చెప్పమంటాండాడు."

"వాని కాలు చూసినావా?"

"చూసినా. అందుకే కదా పరిగెత్తుకొచ్చినా. డాక్టర్లు చూస్తారు, అన్నీ చేస్తారు. ఆ ఒక్క మాట మాత్రం..." ఫైజాను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. "నీ వీసా, పాప వీసా నా వీసా మీదనే ఉండాయి సనోబర్. మర్చిపోవాకు."

మర్చిపోలేదు. నేను దేన్నీ మర్చిపోయే మనిషిని కాదు, అదే నా జబ్బు. కరామా రూం, చెక్క గోడ, ఫైజాను వచ్చే ఏడు బళ్ళో వేయాలనుకున్న మాట, అన్నీ ఆ ఒక్క నిమిషంలో నా కళ్ళ ముందు తిరిగాయి.

పిలిచారు. కంప్యూటరు ముందు ఒక సిస్టర్, కేరళ అమ్మాయి. పేరు రాసింది, జ్వరం చూసింది. ముఖం చిట్లించి కాలు వైపు చూసి, హిందీలో అడిగింది.

"ఎక్కడ గుచ్చుకుంది?"

తారిఖ్ కళ్ళు మూసుకునే, "రూంలో" అన్నాడు.

ఆమె వేళ్ళు టైపు చేయడం మొదలుపెట్టాయి.

"సైట్లో" అన్నాను.

మా ఆయన నా వైపు చూడలేదు. గోడ మీద గడియారం వైపు చూశాడు. సిస్టర్ మాత్రం చూసింది.

"రూమా, సైటా?"

"సైట్లో. షట్టరింగ్ చెక్కకున్న మేకు. బూటు వేసుకునే ఉన్నాడు. బూటులోంచి దిగింది."

"సేఫ్టీ బూటా?"

"కాదు. మామూలు స్పోర్ట్స్ బూటు. మెత్తటి అడుగుది."

ఆమె టైపు చేయడం ఆపి కుర్చీలోంచి లేచింది. లోపలికి వెళ్ళి డాక్టరును పిలుచుకొచ్చింది. ఆయన తారిఖ్ కాలు వంచి చూసి, మళ్ళీ నన్నే అడిగాడు. బూటు ఉందా, ఎన్నాళ్ళయింది, అప్పటి నుంచి ఏం మాత్రలు వేసుకున్నాడు. నాకు తెలిసిందంతా చెప్పాను. పసుపు నూనె సంగతి కూడా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. కుర్చీని అలాగే లోపలికి తోసుకుపోయారు.

స్కానింగ్ తీశారు, అరికాలు కోసి శుభ్రం చేశారు. బయటికొచ్చాక డాక్టరు ఒక చిన్న డబ్బా చూపించాడు. అందులో నల్లటి స్పాంజి తునక, సాక్సు దారం పోగు. మేకుతో పాటే లోపలికి వెళ్ళి, అక్కడే ఉండి కుళ్ళాయి. బూటు అడుగులో చెమటకు పెరిగే పురుగు వేరేదట, మామూలు మాత్రలకు అది లొంగదట. ఉత్త కాలని చెప్తే మేం ఇంత లోపల వెతికేవాళ్ళం కాదు, ఈ మందు పెట్టేవాళ్ళం కాదు అన్నాడు. ఎముకను ఇప్పుడిప్పుడే తాకుతోంది, ఇంకో రెండు రోజులైతే చెప్పలేకపోయేవాడిని అన్నాడు.

ఆయన వెళ్ళాక నేల మీదే కూర్చున్నాను. మా ఆయన పక్కన కూర్చుని, "మందు మందే అన్నా కదా నేను" అన్నాడు.

మర్నాడు ఇమామ్ హుస్సేన్ మామ వచ్చాడు. చేతిలో దానిమ్మరసం సీసా. తారిఖ్ నిద్రపోతున్నాడు. మామ నన్ను వరండాలోకి పిలిచాడు. అరవలేదు. అరిచి ఉంటే నాకు తేలికయ్యేది.

"ఎంత పని చేసినావు బిడ్డీ. పొద్దున పోలీసులు సైటుకొచ్చినారు. అందరి కాళ్ళూ చూసినారు, ఎవరెవరు ఏం బూట్లేసుకున్నారో. ముదీర్ నన్ను నిలబెట్టి అడిగినాడు. నీ మొగునికి అన్నం పెట్టినోన్ని, నీ తమ్మునికి అన్నం పెట్టినోన్ని."

"పెట్టినావు మామా. కాదన్లేదు."

"ఒక్క మాట. ఒక్క మాట అట్ల చెప్పింటే అయిపోయేది. ఖలాస్."

"ఖలాసే అయ్యుండేది. వాని పని." వార్డు తలుపు వైపు చూపించాను. "మేకు యాడ గుచ్చుకునిందో నీకు తెలుసు, నాకు తెలుసు, వాని కాలుకు తెలుసు. మందు పెట్టేవానికి ఒక్కనికే తెలీకూడదా?"

"నేను చెడ్డోన్ని కాదు సనోబర్. ఇన్నేండ్లలో ఎంతమంది పిల్లోళ్ళను ఇట్లనే కాపాడుకొచ్చినానో నీకు తెల్దు. ఒక్కనికి ఉద్యోగం పోనియ్యలేదు. అందరికీ రూంలోనే అని చెప్పించినా."

"వాళ్ళందరూ బాగా నడుస్తాండారా మామా?"

ఆయన ఎవరినో గుర్తు తెచ్చుకుంటున్నట్టు నేల వైపు చూశాడు. దానిమ్మరసం సీసా కిటికీ మీద పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాత ఎప్పుడూ మా ఇంటికి రాలేదు.

చూసినవాళ్ళెవరని పోలీసు అడిగితే సైట్లో అందరూ తలలు దించుకున్నారట. పర్శరాములొక్కడే ముందుకొచ్చి, "నేను జూసిన. గుంజింది గూడ నేనే" అన్నాడట. ఆ సంగతి ఆయన నాకు చెప్పలేదు, సైట్లో ఇంకెవరో తారిఖ్‌కు చెప్పారు. పోలీసు కాగితం ఉంది కాబట్టి తారిఖ్ వైద్యం కంపెనీ మీదే పడింది. వాడు ఆసుపత్రిలో ఉండగానే సైట్లో అందరికీ కొత్త బూట్లు పంచారు. అడుగున ఇనుప రేకు ఉన్నవి. ఆ రోజు మా ఆయనే పికప్‌లో ఆ పెట్టెలు చేరవేశాడు.

ఆ సాయంత్రం ఉల్లిపాయలు తరుగుతూ చెప్పాడు. "ముదీర్ పిలిచినాడు ఈ పొద్దు. నీ బీవీని కొంచెం అదుపులో పెట్టుకో అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఆమె అబద్ధం చెప్పిందా సార్, అన్నా."

కత్తి ఆగకుండా తరుగుతూనే ఉన్నాడు. కళ్ళలో నీళ్ళు ఉల్లిపాయలవే కావచ్చు. ఆ మాటతో మా ఇంట్లో ఏదో మారింది. అప్పట్నుంచి ఆయన నా భయాల్ని ఎగతాళి చేయలేదు. గ్యాసు చూసి రమ్మంటే లేచి వెళ్ళి చూసొచ్చాడు.

కాంట్రాక్టు అయిపోయాక కంపెనీ మా ఆయన్నూ, తమ్ముణ్ణీ మళ్ళీ తీసుకోలేదు. ఇది ఇలా అవుతుందని నాకు ఆ ఎమర్జెన్సీలోనే తెలుసు. ఆయన ఇప్పుడు అజ్మాన్‌లో ట్రక్కు తోలుతున్నాడు. ఆ కంపెనీ కుటుంబాలకు వీసా ఇవ్వదు. నేనూ, ఫైజా రాయచోటిలో ఉన్నాం. తారిఖ్ కూడా ఇక్కడే వెల్డింగ్ షాపులో పనిచేస్తున్నాడు. చలికాలంలో కాలు కొంచెం లాగుతుందంటాడు. లాగనీ. లాగడానికి కాలుంది. "నీ నోటి వల్ల మొగుడొక దేశం, పెండ్లామొక దేశం అయినారు" అని మా అత్త అమీనాబీ నాలుగిళ్ళకు వినబడేట్టు అంటుంది. నేనూ నాలుగిళ్ళకు వినబడేట్టే చెప్తాను: రేపు మళ్ళీ ఆ సిస్టర్ అడిగినా అదే చెప్తానని. నాకు ఇప్పటికీ లిఫ్టంటే భయమే. ఆ ఒక్క మాటకు మాత్రం లేదు.

ఒకరి సంగతే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. పోలీసుకు చెప్పిన నెలకే పర్శరాములన్నను సోనాపూర్ నుంచి మార్చేశారు. జెబెల్ అలీ వైపు ఏదో క్యాంపు అన్నాడు. ఆదివారాలు ఫోన్ చేసేవాడు, ఫైజాతో కోడిలా కూసి నవ్వించేవాడు. కిందటి నెల చేసినప్పుడు మాటల మధ్యలో మూలిగాడు. ఏమయిందన్నా అంటే, "కాలు జర వాసింది చెల్లె, ఏం గాదు" అన్నాడు. ఎందుకు వాసింది, దెబ్బ తగిలిందా అంటే, ఊళ్ళో వాళ్ళావిడ కొమురవ్వ సంగతి ఎత్తి మాట మార్చేశాడు. అప్పట్నుంచి ఆ ఫోన్ మోగడం లేదు. మా ఆయన సెలవు దొరికిన రోజు అక్కడికి వెళ్ళాడు. ఆ పేరు గలాయన వేరే సైటుకు వెళ్ళాడన్నారు, ఎక్కడికో చెప్పలేదు. కొమురవ్వకు ఫోన్ చేశాను. ఆమెకూ ఏమీ తెలియదు.

ఇది చదివేవాళ్ళలో ఎవరైనా ఆ దేశంలో ఉంటే, మీ క్యాంపులో, మీ పక్క రూంలో, మీ డ్యూటీ బస్సులో ఒకసారి అడగండి. పేరు పర్శరాములు. జగిత్యాల పక్క. నల్లగా, బక్కగా ఉంటాడు, యాభై దాటిన మనిషి, ఎవరినైనా చెల్లె, తమ్మీ అనే పిలుస్తాడు. కనబడితే ఏం గాదంటాడు. ఆ మాట నమ్మి వచ్చేయకండి. కూర్చోబెట్టి, బూట్లు విప్పించి, రెండు అరికాళ్ళూ చూడండి.